గడ్డపోతారంలో ఊపిరి మీద ధ్యాస

ఆందోళన జబ్బుకు డాక్టర్లు రాసే మందుల్లో ఎస్సిటాలోప్రామ్ ఒకటి. ఆ మాత్రనూ ఎనిమిది వారాల ధ్యాన శిక్షణనూ పక్కపక్కన పెట్టి 276 మంది మీద పరీక్షించిన అమెరికా పరిశోధన ఒకటి 2022లో వెలువడింది. ఎనిమిది వారాలయ్యాక చూస్తే మాత్ర కంటే ధ్యానం తీసిపోలేదు. మాత్రల ముడిసరుకు తయారుచేసే ఊళ్లో మనుషులు తమ ఆందోళనకు ఏం చేసుకుంటున్నారో చూద్దామని గడ్డపోతారం వెళ్లాను.

జిన్నారం వైపు రోడ్డెక్కి, కాజీపల్లి దాటకముందే ముక్కుకు తెలిసిపోతుంది. కొంచెం తియ్యగా, గొంతులో గీరుకునే సాల్వెంట్ వాసన. రెండు పక్కలా బల్క్ డ్రగ్ కంపెనీల గోడలు, మధ్యలో ట్యాంకర్లు. ఈ పటాన్‌చెరు ప్రాంతపు కాలుష్యం మీద కేసు 1990లోనే సుప్రీంకోర్టుకు చేరింది. డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్లు దశాబ్దాల పాటు కొట్లాడారు. అయినా కాజీపల్లి చెరువు పేరెత్తితే ఊరి పెద్దలు ఇప్పటికీ తలపట్టుకుంటారు.

నేను కలిసిన రియాక్టర్ ఆపరేటర్‌ది పర్మినెంట్ ఉద్యోగం. నైట్ షిఫ్టులతో నిద్ర పాడైంది. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 50 మందికి పైగా చనిపోయాక, ప్లాంటులో ఏ చిన్న చప్పుడైనా గుండె దడ మొదలయ్యేదట. ఎవరో చెబితే సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ వెళ్లి పది రోజుల విపశ్యన శిబిరం చేసొచ్చాడు.

"మస్తు కష్టమైంది సార్. రెండో రోజే సంచి సర్దిన. నడుము పట్టేసింది, మోకాళ్లు లేస్తలేవు. నాలుగో రోజుకు జర సల్లబడ్డ."

"ఇప్పుడు నిద్ర పడుతోందా?"

"నైట్ చేసొచ్చి పగటి పూట పంటే నిద్రెట్ల వస్తది సార్? రాదు. గాని ఎన్కట నిద్ర రాకుంటే గాబరయ్యేది. ఇప్పుడు ఆ గాబర తగ్గింది."

ధ్యానం మీద నేను చదివిన చాలా ప్రచారం కంటే ఈ జవాబు నిక్కచ్చిగా ఉంది. 2014లో అమెరికా పరిశోధకులు 47 ట్రయల్స్‌ను, మొత్తం మూడున్నర వేల మంది ఫలితాలను ఒకచోట చేర్చి తూచారు. ఆందోళన, దిగులు, నొప్పి కొంత తగ్గుతాయనడానికి ఓ మోస్తరు ఆధారం దొరికింది. నిద్ర, బరువు, ఏకాగ్రతల విషయంలో ఆధారాలు చాలలేదు. వ్యాయామం, మందుల కంటే ధ్యానం మేలనడానికి రుజువూ కనిపించలేదు. ఎనిమిది వారాల్లో మెదడు ఆకారమే మారిపోతుందన్న కబురు కూడా 2022లో మరింత జాగ్రత్తగా చేసిన పరీక్షలో నిలబడలేదు.

మరి గాబర ఎందుకు తగ్గింది? దడ వస్తుంది. ఆ దడను చూసి భయపడతాం. ఆ భయానికి దడ ఇంకా పెరుగుతుంది. శిబిరంలో మొదటి మూడు రోజులూ ముక్కుపుటాల దగ్గర ఊపిరిని ఉన్నదున్నట్టు గమనించడమే పని. బిగబట్టకూడదు, లెక్కపెట్టకూడదు, మంత్రం జపించకూడదు. ఆ తర్వాత నడినెత్తి నుంచి కాలి వేళ్ల దాకా ఒంట్లో కలిగే స్పర్శలను అలాగే చూడాలి. దడను దడగా చూడటం అలవాటైతే, దానికి తోడయ్యే భయం సన్నగిల్లుతుంది. అమెరికాలో జాన్ కబాట్-జిన్ 1979లో నొప్పులతో బాధపడే రోగులకు మతంతో సంబంధం లేకుండా నేర్పింది ఇంచుమించు ఇదే. ఆయన దాన్ని వారానికో క్లాసుగా, ఎనిమిది వారాల కోర్సుగా మలిచాడు.

ఆపరేటర్ ఇంకో మాటన్నాడు. "అక్కడ గాలికి వాసన లేదు సార్. ఇంటికొచ్చి కండ్లు మూసుకొని కూసుంటే మొదలు తెలిసేది కంపెనీ వాసనే. ఇన్నేండ్లు నా ముక్కుకు తెల్వనే లేదు."

సంగారెడ్డి మీదుగా కొండాపూర్ కూడా వెళ్లొచ్చాను. 1940ల్లో గులాం యాజ్దానీ తవ్వకాల్లో శాతవాహనుల నాణేలు, బౌద్ధ కట్టడాల పునాదులు బయటపడ్డ ఊరది. విపశ్యన కేంద్రం పేరు ధమ్మ కొండన్న. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు, ఫోన్ ముందే అప్పగించాలి, మౌనం పాటించాలి. ఫీజు లేదు, అంతకుముందు శిబిరం చేసినవాళ్ల విరాళాలతోనే నడుస్తుంది. బర్మాలో పుట్టిన గోయెంకా 1969లో భారత్ వచ్చి నేర్పడం మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఈ పద్ధతిలో మన దేశంలో వెలిసిన తొలి కేంద్రాల్లో ఒకటి మన వనస్థలిపురం దగ్గరి ధమ్మఖేత్తం. దరఖాస్తులో మానసిక జబ్బులు, వాడుతున్న మందుల గురించి అడుగుతారు. అడగాలి కూడా. పది రోజుల మౌనం కొందరికి ఉపశమనమైతే, కొందరికి ఉన్న ఆందోళననే ఎగదోస్తుంది.

నాకున్న అభ్యంతరం వేరే. కాలుష్యం తగ్గించాల్సిన చోట, రియాక్టర్ భద్రత చూడాల్సిన చోట, కార్మికులకు అరగంట 'స్ట్రెస్ మేనేజ్‌మెంట్' క్లాసు పెట్టి చేతులు దులుపుకోవడం కుదరదు. దడ కొన్నిసార్లు నిజమైన ప్రమాదాన్నే చెబుతుంది. ఇక శిబిరం ఉచితమే గానీ, పది రోజుల కూలి ఎవరిస్తారు? ఆపరేటర్‌కు జీతంతో కూడిన సెలవులు (ఈఎల్‌లు) ఉన్నాయి, పెట్టుకున్నాడు. అతని పక్క గదిలో ఉండే కాంట్రాక్టు హెల్పర్‌కు పనికి వెళ్లని రోజు జీతం లేదు.

ఎనిమిది వారాల కోర్సయితే క్లాసుకు వారానికి ఒక్క పూట చాలు. రామచంద్రాపురం ఈఎస్ఐ ఆసుపత్రిలో పెడితే సెలవు రోజున కార్డు పట్టుకుని వెళ్లొచ్చు కదా అని ఆ హెల్పర్‌తో అన్నాను. అతను చెప్పులేసుకుంటూ నవ్వాడు.

"సెలవెక్కడిది సార్, ఐతారం ఓటీ ఉంటది."