గుసగుసల గోడ

లండను వచ్చిన చుట్టాలకి మనవాళ్ళు చూపించే వరసలో సెంట్ పాల్స్ కెథీడ్రల్ కాస్త వెనకే ఉంటుంది. మెట్లెక్కాలి కదా! 2012 వేసవిలో మేము నాన్నగారిని అక్కడికి తీసుకువెళ్ళాం. గుమ్మటం లోపలి అంచున ఉన్న విస్పరింగ్ గ్యాలరీకి 257 మెట్లు. "గోల్కొండ ఎక్కిన కాళ్ళురా ఇవి" అంటూ ఆయన మాకన్నా ముందే చేరారు.

అక్కడ గోడ దగ్గర నోరు పెట్టి గుసగుసలాడితే, సుమారు 34 మీటర్ల అవతల ఎదుటి గోడకి చెవి ఆనించినవారికి వినిపిస్తుంది. శబ్దం నడిమికి పోకుండా వంపు గోడనే పట్టుకుని పాకుతుందని లార్డ్ రేలీ వివరించారు. 1921లో లండను వచ్చిన సి.వి. రామన్ కూడా ఇక్కడ పరిశోధించారు. మన విశాఖపట్నంలో చదువుకున్న రామనే! శబ్దం ఎంత సన్ననిదైతే గోడను అంతగా అంటిపెట్టుకుంటుంది.

అటువైపు నుంచి మావాడు "తాతయ్యా, ఐస్ క్రీం తిందామా?" అన్నాడు. మాకు చెవిలో చెప్పినట్టే వినిపించింది. నాన్నగారు మాత్రం చెవి గోడకి ఆనించుకునే "ఊఁ, చెప్పమను" అన్నారు. మూడుసార్లయింది. "ఇవాళ గోడ పనిచెయ్యటం లేదు" అని నవ్వేశారు. మాకు నవ్వు రాలేదు.

టీవీ చప్పుడు వింటారు గాని పిలిస్తే పలకరని ఎన్నాళ్ళనుంచో సణుగుతున్నాం. గట్టిగా అరుస్తున్నాం. తర్వాత చెవి పరీక్ష చేసినావిడ కాగితం మీది గీత చూపించింది. బొంగురు శబ్దాల వైపు గీత బాగానే ఉంది. సన్నని శబ్దాల వైపు కిందికి జారిపోయింది. వయసుతో ముందు తగ్గేవి అవేనట. అచ్చులు వినిపిస్తాయి, స, త, క లాంటి హల్లులు జారిపోతాయి. పాలు, కాలు, చాలు అన్నీ ఆయనకి 'ఆలు'గానే చేరుతున్నాయి. అరిస్తే బలం వచ్చేది అచ్చులకే. గుసగుసలో గొంతు మోగదు, ఉన్నదంతా ఊపిరి రాపిడే. ఆ గోడ బాగా మోసేదీ, ఆయన చెవి పోగొట్టుకున్నదీ ఒకటే అన్నమాట. టీవీ కట్టేసి, ముఖం కనబడేలా ఎదురుగా కూర్చుని, నిదానంగా మాట్లాడమంది ఆవిడ.

ఆ రోజు దిగేముందు ఆయన మావాణ్ణి చప్పట్లు కొట్టమన్నారు. అవి విన్నారు. ఫతే దర్వాజా దగ్గర కొడితే బాలాహిస్సార్ మీద ఎలా వినిపిస్తుందో దారిపొడవునా చెబుతూ మెట్లు దిగారు. ముందు నడుస్తున్న మేము, వెనక్కి తిరగకుండానే ఊఁ కొట్టాం.