సైకిలుకు చెవులే అద్దాలు

ధనుర్మాసంలో మా మైలాపూరుకు తెల్లవారకముందే తెల్లవారుతుంది. డిసెంబరు 16 ప్రాంతం నుండి జనవరి నడిమి దాకా, అయిదు గంటలకల్లా కపాలీశ్వరుని గుడి చుట్టూ ఉన్న మాడవీధుల్లో ఇళ్ళ ముందు నీళ్ళు చల్లి ముగ్గులు పెడుతూ ఉంటారు. పాలవాళ్ళు, పేపరువాళ్ళు, పూలవాళ్ళు బయలుదేరుతారు. చిడతలు పట్టుకుని భజన బృందాలు వీధి తిరుగుతాయి. పాపనాశం శివన్ గారు ఏళ్ళ తరబడి ఈ వీధుల్లోనే మార్గళి భజన నడిపించారు. 2017లో యునెస్కో వారు మా మదరాసును సంగీత నగరాల జాబితాలో చేర్చారు గాని, మైలాపూరు పెద్దవాళ్ళకు ఆ సంగతి ఇంకొకరు చెప్పవలసిన అవసరం ఎన్నడూ లేదు.

ఇటువంటి వీధుల్లో నేను ఏడాది పాటు చెవులు మూసుకుని సైకిలు తొక్కాను. ఆ ముచ్చటే ఇప్పుడు చెప్పబోయేది.

చక్కెర ఎక్కువైంది, రోజూ గంటసేపు నడవమన్నారు డాక్టరుగారు. మోకాళ్ళు ఒప్పుకోలేదు. అయితే సైకిలు తొక్కమన్నారు. పాతికేళ్ళ తర్వాత మళ్ళీ సైకిలెక్కాను. ఒంటరిగా విసుగ్గా ఉంటుందని మా అబ్బాయి చెవుల్లో పెట్టుకునే గోళీల వంటివి రెండు తెచ్చి ఇచ్చాడు. వైరు లేదు, బరువు లేదు. పైగా బయటి రొద వినపడకుండా చేసే ఏర్పాటు కూడా వాటిలో ఉంది.

నా తరం వాళ్ళకు ఈ సరదా మరీ కొత్తదేమీ కాదు. సోనీ వారి వాక్‌మన్ 1979లోనే జపానులో బజారుకు వచ్చింది. మేము బి.కాం. చదివే రోజుల్లో ఒక స్నేహితుడి మేనమామ సింగపూరు నుంచి ఒకటి తెస్తే, వంతులు వేసుకుని విన్నాం. కాని అప్పుడు గదిలో కూర్చుని విన్నాం. దాన్ని తగిలించుకుని మౌంట్ రోడ్డు మీద సైకిలు తొక్కే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

నేను విన్నది సినిమా పాటలు కావు. మా నాన్నగారి గొంతు. ఆయన హార్బరులో గుమాస్తా. ఎవరి దగ్గరా సంగీతం నేర్చుకోలేదు గాని, ఆదివారాలు పొద్దున పూట త్యాగరాజ కృతులు తనకోసం తాను పాడుకునేవారు. 1994లో మా చెల్లెలు ఆయనకు తెలియకుండా ఒక కాసెట్టు నిండా రికార్డు చేసింది. ఒకచోట పాట నడుమ “కాఫీ చల్లారిపోతోంది” అని మా అమ్మ అనడం కూడా వినపడుతుంది. 2003లో నాన్నగారు పోయారు. ఆ కాసెట్టును మా అబ్బాయి సెల్‌ఫోనులోకి ఎక్కించాడు. చెవుల్లో ఆయన పాడుతూ ఉంటే, కాళ్ళకు అలసట తెలిసేది కాదు.

నా దారి కూడా చెబుతాను. మందవెల్లిలో బయలుదేరి, గుడి కోనేరు పక్కగా లజ్ కార్నరుకు చేరతాను. కాస్త ఓపిక ఉన్న రోజున అక్కడి నుంచి లజ్ చర్చి రోడ్డులోకి తిరిగి నాగేశ్వరరావు పార్కు దాకా వెళ్ళి వస్తాను. అమృతాంజనంతో డబ్బు, ఆంధ్రపత్రికతో పేరు సంపాదించి, రెండింటినీ లోకానికే ఇచ్చిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరే ఆ పార్కుకు పెట్టారు. పొద్దున్నే అక్కడ నడిచేవారిలో చాలామందికి ఆ పేరుగల ఆయన తెలుగువాడని తెలియదు. తర్వాత రాయపేట హైరోడ్డు. పొట్టి శ్రీరాములుగారు 1952లో 58 రోజులు నిరాహారదీక్ష చేసి, డిసెంబరు 15న ప్రాణాలు విడిచిన చోటు ఆ రోడ్డులోనే ఉంది. అక్కడ ఆయన స్మారక భవనం కట్టారు. ఆ మర్నాడే ధనుర్మాసం మొదలు. అందుకని ఏటా ఆ రోజుల్లో అక్కడ ఒక నిమిషం దిగి నిలబడడం నాకు అలవాటైంది. ఆపైన రాధాకృష్ణన్ శాలై మీదుగా మెరీనా బీచి, లైట్‌హౌసు, శాంథోమ్, కచేరి రోడ్డు, మళ్ళీ మాడవీధులు, ఇల్లు.

ఏడాదిపాటు ఇదంతా కళ్ళతో చూశాను. చెవులకు మాత్రం నాన్నగారి పాట తప్ప మరొకటి చేరలేదు.

2023 డిసెంబరు చివరి వారం. తెల్లవారి అయిదున్నర. బీచి వైపు నుంచి కచేరి రోడ్డులోకి వచ్చాను. మెట్రో రైలు పనులకోసం రేకులు కట్టేయడం వల్ల రోడ్డు సన్నబడి ఉంది. ఎడమ పక్కన చెత్త కుప్ప. పక్కనే పొడుగు చీపురు పట్టుకుని ఒకామె. కుప్పను తప్పించుకోవడానికి వెనక్కు చూడకుండా కుడికి తిప్పాను. సైకిలు ఉన్నట్టుండి ఆగింది. నేను ఎడమకు ఒరిగి ఆ కుప్ప మీదే పడ్డాను. నా కుడి పక్కగా ఒక నీళ్ళ లారీ వెళ్ళిపోయింది. దాని గాలి ముఖానికి తగిలింది. చెవుల్లో మా నాన్నగారు చరణం ఎత్తుకుంటున్నారు.

సైకిలు తనంతట తాను ఆగలేదు. ఆమె క్యారియరు పట్టుకుని లాగింది.

“అయ్యో, చెయ్యి విరిగిందేమో” అని నా నోట తెలుగే వచ్చింది. చెవుల్లో గోళీలు తీసేశాను. అప్పటిదాకా అరవంలో అరుస్తున్న ఆమె కూడా తెలుగులోకి దిగింది.

“చెయ్యీ యిరగలా, ఏం యిరగలా. లెయ్యి సారూ. ఎంతసేపట్నుంచి అరస్తా ఉండా, ఆ లారీవోడు హారను కొడతా ఉండాడు. ఇనపడలా?”

“నువ్వు తెలుగుదానివా అమ్మా?”

“మా తాతల కాడ్నించీ ఈ ఊరే. నెల్లూరు పక్కనించి వచ్చినామంటారు. నేను చూడలా. నువ్వు రోజూ ఇట్టే పోతావు గదా సారూ, ఎన్నిసార్లో నమస్కారం పెట్టా. పలకవు. పెద్దోళ్ళు, పలకరులే అనుకున్నా.”

మోచెయ్యి చీరుకుపోయింది. ఆ మంట కంటే ఈ మాట ఎక్కువ మండింది. మదరాసు వీధులు ఊడ్చేవారిలో ఎందరో తెలుగువాళ్ళు ఉన్నారనీ, తరాల కిందటే వచ్చి స్థిరపడ్డారనీ మనకు తెలియనిది కాదు. ఉగాదికి, సంక్రాంతికి “ఈ ఊళ్ళో తెలుగు వినపడడం లేదు” అని సభల్లో నేనూ మాట్లాడాను. నాకు రోజూ తెలుగులో నమస్కారం పెట్టిన మనిషి గొంతు ఏడాదిపాటు నాకే వినపడలేదు.

“ఏం ఇంటా ఉండావు?” అని అడిగింది. మా నాన్న పాడిన పాట అన్నాను. ఒక్క క్షణం ఊరుకుంది. “పాట యాడికి పోద్ది సారూ. ఇంటికాడ ఇనొచ్చు” అని, చీపురు తీసుకుని పనిలో పడింది.

ఇంటికి వచ్చి, బ్యాంకు బుద్ధి పోనిచ్చుకోక, కాగితం మీద లెక్క వేశాను. నా సైకిలు వేగం గంటకు 15 కిలోమీటర్లు, అంటే సెకనుకు దాదాపు 4 మీటర్లు. లారీ 40 కిలోమీటర్ల వేగంతో వస్తే సెకనుకు 11 మీటర్లు. తేడా 7. వెనక 50 మీటర్ల దూరంలో ఉన్న లారీ నన్ను అందుకోవడానికి ఏడు సెకన్లు చాలు. ఆ శబ్దం మాత్రం సెకనులో దాదాపు ఏడో వంతులోనే నా దగ్గరికి వచ్చేస్తుంది. దాదాపు ఏడు సెకన్ల గడువును దేవుడు వడ్డీ లేకుండా ఇస్తూ ఉంటే, నేను వద్దని తిప్పి పంపాను.

లారీకి, కారుకు, స్కూటరుకు పక్క అద్దాలుంటాయి. సైకిలుకు చెవులే అద్దాలు. శబ్దం ఒక చెవికి ముందు, రెండో చెవికి తర్వాత చేరుతుంది. సెకనులో వెయ్యోవంతు కూడా నిండని ఆ తేడాను పట్టుకుని మెదడు ఏ పక్కనుంచి వస్తోందో చెబుతుంది. అందుకని ఒక చెవి మూసి ఒక చెవి తెరిచినా లెక్క సరిపోదు. బండి వస్తోందని తెలుస్తుంది గాని, ఏ వైపునుంచి వస్తోందో సరిగా తెలియదు. రోడ్డు రొదను మించి పాట వినపడాలని శబ్దం పెంచితే చెవికే చేటు. 80 డెసిబెళ్ళ శబ్దం వారానికి 40 గంటలు వినవచ్చు గాని, 90 అయితే 4 గంటలకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇతర దేశాలవాళ్ళు ఈ విషయంలో తలా ఒక దారి పట్టారు. ఫ్రాన్సులో 2015 జులై 1 నుండి సైకిలు తొక్కేవాళ్ళు కూడా చెవుల్లో ఏమీ పెట్టుకోరాదు. పెట్టుకుంటే 135 యూరోలు జరిమానా. అమెరికాలోని కాలిఫోర్నియాలో రెండు చెవులూ మూసుకోవడం తప్పు. సైకిళ్ళకు పుట్టినిల్లు వంటి నెదర్లాండ్సులో 2019 జులై నుండి చేతిలో ఫోను పట్టుకుని తొక్కడాన్ని నిషేధించారు గాని, పాట వినడాన్ని నిషేధించలేదు. వాళ్ళకు సైకిళ్ళకని వేరే దారులున్నాయి. మన మోటారు వాహనాల చట్టం దృష్టిలో సైకిలు మోటారు వాహనం కాదు కాబట్టి, మన చెవుల బాధ్యత మనదే. మన పిల్లలు ట్యూషనుకూ కాలేజీకీ ఇలాగే వెళుతున్నారు. వాళ్ళకు చెప్పే ముందు మనం తీసేయడం మంచిది.

మర్నాడు చెవులు ఖాళీగా బయలుదేరాను. మొదట ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించింది. కోనేటి దగ్గరికి వచ్చేసరికి గుడి గంట. ఆపైన చీపుళ్ళ చప్పుడు, పాల క్యాన్ల మోత, వెనకనుంచి ఆటో పీపీ. ఉత్తర మాడవీధిలో భజనవాళ్ళు ఎదురయ్యారు. పాడుతున్నది త్యాగరాజ కృతి. పాడేవాళ్ళలో ఎక్కువమంది తమిళులు. ఉచ్చారణ అక్కడక్కడ జారింది గాని, భక్తి జారలేదు. ఏడాదిగా ఈ పాట పక్కనుంచే వెళుతూ, చెవుల్లో ఇంకొక పాట పెట్టుకున్నానన్న మాట. సైకిలు దిగి, పాట అయ్యేదాకా నిలబడ్డాను.

నాన్నగారి పాట ఇప్పుడు ఆదివారం పొద్దున ఇంట్లోనే పెడుతున్నాను. మా ఆవిడ, మా అబ్బాయి కూడా వింటారు. “కాఫీ చల్లారిపోతోంది” దగ్గరికి వచ్చేసరికి అందరం నవ్వుతాం. నా ఒక్కడి చెవుల్లో ఉన్నన్నాళ్ళూ అక్కడ నవ్వడానికి తోడు ఎవరూ లేకపోయారు.

కచేరి రోడ్డులో ఆమె కనబడితే ఇప్పుడు నేనే ముందు పలకరిస్తున్నాను. మొన్న దూరంనుంచే కేకేసింది.

“సారూ, ముందర గుంట తీసినారు. పక్కగా పో!”

వినపడింది. పక్కగా పోయాను.