ఉప్పుగాలి సోకిన పుస్తకములు

నేను నివసించు అమెరికా పట్టణమున గ్రంథాలయమునకు ‘గ్రంథాలయ మిత్రులు’ అను స్వచ్ఛంద సంఘమొకటి కలదు. పట్టణ ప్రజలు దానమిచ్చిన పాత పుస్తకములను నెలకొక శనివారము నేలమాళిగలో వేరుచేసి, అట్టలు తుడిచి, లోపలి పుటపై పెన్సిలుతో వెల వ్రాసి అమ్మకమునకు అమర్చుట వారి పని; అట్లు కూడిన సొమ్ము బాలల కథాశ్రవణమునకును, వేసవి పఠనమునకును, ప్రభుత్వపు పద్దులో చోటు దొరకని చిన్నచిన్న అక్కఱలకును వినియోగమగును. గ్రంథాలయ పరిపాలనమున వారికి అధికారమేమియు లేదు. నేనును ఆ పుస్తకములు వేరుచేయు బల్లయొద్ద మూడేండ్లుగా కూర్చుండుచున్నాను.

నా ప్రక్కన కూర్చుండు వృద్ధురాలు ప్రతి పుస్తకమును నడిమికి విప్పి ముక్కునకు చేర్చి చూచును. చెమ్మ వాసన వచ్చినదానిని వేఱొక పెట్టెలో నుంచును. ఏలయన, ఒక్క పుస్తకమునకు పట్టిన బూజు బీరువాకంతటికి ప్రాకును. మొదటినాడు ఆమె అట్టి పుస్తకమొకటి నా చేతికందీయగా, ఆ వాసన తగిలినంతనే నాకు నెల్లూరు తీరమున, బకింగుహాము కాలువ యొడ్డునున్న మా యూరి గ్రంథాలయము కన్నులకు కట్టినది.

సముద్రపు తేమ మా యూర కాగితములోనికి దిగకమానదు. అందుచేత ఎండలు ముదరగానే మా పంతులుగారు పిల్లలనందఱను పిలిచి, బీరువాలు ఖాళీ చేయించి, అరుగుపై చాపలు పఱపించి, పుస్తకములను ఆరబెట్టించి, పుటల నడుమ ఎండు వేపాకు పెట్టించెడివారు. “పేజీలు మడవబాకండిరా అబ్బాయిలూ” అని ఆయన హెచ్చరిక. అది సేవయని మాకు తెలియదు. ఆయన పిలిచిన పోవలసినదే.

ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము ఇట్టి చేతులమీదుగనే పెరిగినది. అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. 1918లో వేటపాలెపు యువజనులు ఆరంభించిన పఠనాలయమే సారస్వత నికేతనము. 1929లో దాని భవనమునకు గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసెను. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువపై పడవలో పుస్తకములు పంపి, రేవురేవున పల్లెజనులకు అందించిరి. ఈ సంగతి తలంపునకు వచ్చినపుడెల్ల, ఉప్పును వంటచెఱకును మోసికొని మా కాలువలో సాగిపోయిన పడవలు జ్ఞప్తికి వచ్చును. వానిలో నొకదానియందైన పుస్తకముల పెట్టె యొకటి మా రేవున దిగియుండిన ఎంత బాగుండెడిదో యని మనసు ఉవ్విళ్ళూరును.

పిమ్మట 1948లో మదరాసు గ్రంథాలయ చట్టమును, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టమును వచ్చినవి; ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు ఏర్పడినది. ఇది మహోపకారము. దానధర్మములపై ఆధారపడిన పఠనాలయమునకు స్థిరమైన రాబడి దొరకుట సామాన్య విషయము కాదు. కాని సెస్సు కట్టితిమి గదా యను తృప్తితో, పుస్తకములను ఆరబెట్టిన చేతులు మెల్లగా ఇండ్లకు మరలిపోయినవి. నా వేదనయంతయు ఇదే. ఇక్కడ అమెరికాలో మా పట్టణమునను గ్రంథాలయము పన్నుతోనే నడచును. ఐనను శనివారము వచ్చుసరికి బల్లచుట్టును మనుష్యులుందురు.

క్రిందటి సంక్రాంతికి మా యూరు పోయితిని. గ్రంథాలయమునకు తాళము వేసియున్నది. పోటీపరీక్షలకు చదువుచున్న పాలెపు పిల్లలు నలుగురు, ఇండ్లనుండి తెచ్చుకొన్న ప్లాస్టిక్కు కుర్చీలతో అరుగుపై కూర్చుండిరి. అడుగగా, “రెండూళ్ళకీ ఒక్కరే మామా, మంగళవారం వస్తారు” అనిరి.

మంగళవారము ఆ ఉద్యోగి వచ్చి, పుస్తకములు ఆరబెట్టుదమన్న నా మాట విని, సంతోషముతో బీరువాలు తెఱచెను. చాపలు వచ్చినవి, వేపాకు వచ్చినది. మధ్యాహ్నమునకు అరుగు నిండినది. పరీక్షకు చదువుచున్న అమ్మాయి యొకతె పుస్తకమును విప్పి వాసన చూచి, ముఖము ముడిచి, దానిని ఎండ బాగుగా తగులుచోటికి జరిపినది. “మళ్ళీ ఎప్పుడు మామా?” అని తానే అడిగి, నోటుపుస్తకము చివరి పుటలో ‘నెలకో ఆదివారం’ అని వ్రాసి, దాని క్రింద మొదట తన పేరు వ్రాసికొన్నది. సాయంకాలమునకు తొమ్మిది పేర్లైనవి.