నా చేతితో చెరిపిన నంబరు

మొన్న క్రిస్మసు సెలవులకు మనుమడు వచ్చినప్పుడు మా కలమల్ల గుడి ఆవరణలోని పాత శాసనాల రాళ్లు చూపించాను. రేనాటి చోళుడు ఎరికల్ ముతురాజు ధనంజయుడు సుమారు క్రీ.శ. 575లో వేయించిన తెలుగు శాసనం మా ఊరిదే. అక్షరాల తీరును బట్టే పండితులు దాని కాలాన్ని లెక్కగట్టారు. వాడు ఒక రాయిని తడిమి, "అక్షరాలు కనబడడంలేదు తాతా, బాగా రుద్ది రంగు వేస్తే పోలా?" అన్నాడు.

నాకు వెంటనే జవాబు రాలేదు. ఆ పని నేను ఒకసారి చేసినవాడిని.

నేను వైమానిక దళంలో రంగులు వేసే విభాగంలో పనిచేశాను. ఒకచోట గేటు దగ్గర నిలబెట్టడానికి పాత శిక్షణ విమానం తెచ్చారు. పెద్ద అధికారి రాకకు వారమే ఉంది. ఉప్పుకాగితం పట్టి, లోహం తేలేవరకు రుద్దాము. తోక దగ్గర వెండి రంగు కింద పసుపు, దాని కింద వేరొక నంబరు నీడ కనబడ్డాయి. ఒక తలుపు లోపలివైపు సిరాతో కొట్టిన చిన్న గుండ్రని ముద్ర ఉంది. ఇదేమిటో అనుకున్నానేగాని చెయ్యి ఆపలేదు. విమానం పెండ్లికూతురిలా తయారైంది. తీరా దాని అసలు నంబరు ఎంత అంటే చెప్పగలవారు లేరు. ఉజ్జాయింపుగా ఒకటి వేశాను.

ఆ ముద్ర ఫ్యాక్టరీ తనిఖీదారుదని చాలా కాలానికి తెలిసింది. పాత విమానాలను బాగుచేసేవారు ముందు వెదికేది అలాంటివాటినే: రేకుమీద వరుసగా అచ్చయిన అల్యూమినియం కంపెనీ పేరు, భాగాల నంబర్లు, రివెట్లతో బిగించిన పలక. పలక ఒక్కదాన్నే నమ్మరు. ఒక విమానం భాగం మరొకదానికి బిగించడం మామూలే. రంగునైతే రూపాయి బిళ్లంత చోట మెల్లగా అరగదీస్తారు. పొరలన్నీ చెట్టు మొద్దులోని వలయాల్లా బయటపడతాయి. ఫోటో తీసి, కొలతలు రాసుకున్న తరువాతే మిగతా పని.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటిష్‌వారు కాన్పూరులో లిబరేటర్ బాంబర్లను కావాలనే పాడుచేసి వదిలి వెళ్లారు. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌వారు వాటిని బాగుచేయగా, మన దళం 1948 నుండి 1968 వరకు నడిపింది. ఆ కోవలోని ఒక విమానం 1944లో అమెరికాలోని ఫోర్ట్‌వర్త్‌లో తయారైంది. అమెరికా నంబరు 44-44052. బ్రిటిష్ నంబరు కె.హెచ్. 191. మనది హెచ్.ఇ. 771. ఒకే దేహానికి మూడు పేర్లు! అమెరికాలో దాన్ని బాగుచేసి 1989లో మళ్లీ ఎగరవేశారు. 2005లో మాత్రం "విచ్‌క్రాఫ్ట్" అనే వేరొక విమానం పేరుతో రంగు వేశారు. చూడడానికి బాగుంటుంది. నేనైతే హెచ్.ఇ. 771నే వేసేవాడిని. అయినా ఉజ్జాయింపు నంబరు వేసినవాడికి ఆ మాట అనే హక్కు ఎంతో!

ఇదంతా మనుమడికి చెప్పాను. "ఇప్పుడు ఆ నంబరు మార్చలేరా తాతా?" అని అడిగాడు. ఏ నంబరుకు మార్చాలిరా అన్నాను.

సాయంత్రం ఎండ ఏటవాలుగా పడే వేళ మళ్లీ గుడికి వెళ్లాము. మధ్యాహ్నం కనబడని గీతలు నీడలతో లేచాయి. వాడు రాయిని ముట్టుకోకుండా నోటుపుస్తకంలో దించుకున్నాడు. చదవడం మా ఇద్దరికీ రాలేదు.