తమ్మునికి చెప్పని మాట

పత్తిచేనికి పురుగుమందు కొడుతూ మా తమ్ముడు సొమ్మసిల్లి పడిపోయాడని 1996లో ఒక రాత్రి మా క్వార్టరుకు ఫోను వచ్చింది. భార్యాభర్తలమిద్దరమూ ఉన్నపళంగా పల్నాడుకు రైలెక్కాము. మేము చేరేసరికి ఆసుపత్రిలో అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ ఎక్కిస్తున్నారు. మూడవనాటికి గాని అతడు మమ్మల్ని గుర్తుపట్టలేదు.

మేమిద్దరమూ రసాయన ప్రయోగశాల ఉద్యోగులము. ఆ జాతి మందులు నరాల పనికి అవసరమైన ఒక ఎంజైమును ఫాస్ఫరసు బంధంతో కట్టివేస్తాయని చదువుకున్నవారమే. ఆ కట్టు దానంతట అది విడివడడం బహు నిదానం. ఫాస్ఫేటు ఎస్టర్లలో పలు బంధాల స్వభావమే అంత. మన డి.ఎన్.ఎ.లోని అటువంటి బంధాలు ఏ సాయమూ లేకుండా నీటిలో సగం తెగడానికి సుమారు 3 కోట్ల సంవత్సరాలు పడుతుందని 2006లో శాస్త్రజ్ఞులు అంచనా వేశారు.

ఇటువంటి బంధాలను తెంచడంలో లోహాలు సిద్ధహస్తులు. ఫిలిప్పీన్సు వరిమడి నీటిలో డయాజినాన్, పారాథియాన్ మందులను విడగొట్టే సూక్ష్మజీవిని కనుగొన్నట్లు 1973లో సేతునాథన్, యోషిదా ప్రకటించారు. ఆ కోవ ఎంజైములో రెండు జింకు అయానులు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి విషపు అణువును పట్టి, దానిలోని ఫాస్ఫరసును దాడికి అనువుగా చేస్తుంది. రెండింటి నడుమ వంతెనలా నిలిచిన హైడ్రాక్సైడు వెళ్ళి ఫాస్ఫరసును తాకుతుంది. బంధం తెగి, విషం తన శక్తిని కోల్పోతుంది. పారాథియాన్ నుండి పుట్టే పారాక్సాన్ అణువులనైతే ఆ ఎంజైము సెకనుకు వేయికి పైగా తెంచగలదు. రాగి సంక్లిష్టాలు నరాల విషాలను విడగొట్టగలవని 1950లలోనే తేలింది. జంట జింకు సంక్లిష్టాలను ఆ తరువాత ఎందరో తయారు చేశారు.

ఆ లోహపు సాయం మా తమ్ముని ఒంట్లో చాలినంత లేదు. ప్రయోగశాలలో తొడుగులు లేకుండా సీసా ముట్టని మేము, గాలికి ఎదురుగా మందు కొట్టవద్దనీ, తడిసిన చొక్కా వెంటనే విప్పి ఒళ్ళు సబ్బుతో కడుక్కొమ్మనీ ఇంటికి రాసిన ఉత్తరాలలో ఒక్కనాడూ రాయలేదు. ఆ పశ్చాత్తాపం మాకు నేటికీ తీరలేదు.

ఇప్పుడు ఊరికి వెళ్ళినప్పుడల్లా మొదట ఆ మాటే చెబుతాము. “ప్రతిసారీ చెప్పాలా అన్నయ్యా?” అని తమ్ముడు నవ్వుతాడు. చెప్పాలి. ఊళ్ళో సేద్యం చేసే తోబుట్టువులున్న మన సహోద్యోగులందరూ వారికీ ఈ మాట చేరవేయవలసిందిగా మా మనవి.