నకలు ఫ్లాపీలు

మా చిన్న డీటీపీ దుకాణంలో కంప్యూటరు పెట్టిన రోజున, దానిపై దుమ్ము పడకుండా అమ్మీ తన పాత దుపట్టాతో ముసుగు కుట్టి ఇచ్చారు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు చేసిపెట్టి ఆ యంత్రమే మా ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టింది. అయితే అందులోని తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేరు మేము కొన్నది కాదు. మిత్రుడొకరు ఫ్లాపీల్లో నకలు చేసి ఇచ్చినది. అందరూ చేస్తున్న పనే కదా అని మేమూ సరిపెట్టుకున్నాము.

ఒకనాటి రాత్రి మా అబ్బాయి, బడిలో చదవవలసిన ప్రసంగాన్ని మాకు వినిపించాడు. అది కంప్యూటర్ల తొలినాళ్ల కథ. 1975 జనవరిలో అమెరికాలోని ఒక పత్రిక ముఖచిత్రంగా ఆల్టెయిర్ 8800 వెలువడింది. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. ముందున్న మీటలు పైకీ కిందికీ వేస్తూ ఆజ్ఞలు ఇవ్వాలి. జ్ఞాపకశక్తి 256 బైట్లు మాత్రమే. మనం రాసే చిన్న పేరా కూడా అందులో పట్టదు! అయినా జనం విరగబడి కొన్నారు. ఆ మార్చిలోనే కాలిఫోర్నియాలోని ఒక గ్యారేజీలో ఔత్సాహికులు చేరి హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బును నెలకొల్పారు.

ఆల్టెయిర్ కోసం బిల్ గేట్స్, పాల్ అలెన్ బేసిక్ భాషను సిద్ధం చేశారు. అది కాగితపు టేపుల మీద నకళ్లై చేతులు మారింది. 1976 ఫిబ్రవరిలో గేట్స్ బహిరంగ లేఖ రాశాడు. యంత్రం కొన్నవారిలో పదింట ఒక వంతు కూడా బేసిక్‌కు డబ్బు చెల్లించలేదని అందులో వాపోయాడు.

చదవడం ఆపి మావాడు అడిగాడు: "అబ్బా, మన ఫ్లాపీలు కూడా అలాంటివేనా?"

మేము తడబడ్డాము. "అదే క్లబ్బులో స్టీవ్ వోజ్నియాక్ తన కంప్యూటరు నమూనా చిత్రాలను అందరికీ ఉచితంగానే పంచాడని నువ్వే రాశావు కదా బేటా!" అని తప్పించుకోజూశాము.

తస్బీహ్ తిప్పుతున్న అమ్మీ తల ఎత్తారు. "ఆయన తన పెరటి చెట్టు పండ్లు పంచాడు. మీరు తింటున్నవి ఎవరి చెట్టువి?"

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తెలుగు ఒత్తులనూ గుణింతాలనూ కూర్చడానికి ఎవరో ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాచేలా కూర్చుని ఉంటారు. మేము రూపాయి రూపాయికీ హలాల్, హరామ్ లెక్క చూసుకునేవాళ్లమే. కళ్లకు కనిపించని శ్రమను మాత్రం ఆ లెక్కలో చేర్చలేదు.

కొత్త ప్రింటరు కోసం దాచిన సొమ్ముతో మరుసటి నెల ఆ సాఫ్ట్‌వేరు కొన్నాము. అక్షరాలు మునుపటిలాగే అచ్చయ్యాయి. పాత ప్రింటరు మరో ఏడాది మొరాయిస్తూనే పనిచేసింది. ఫ్లాపీలను మాత్రం మావాడి చేతనే విరిపించాము.