ఫూనాన్ రాజ్యము - కొండాపురపు పూసలు

చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతపు పిల్లలకు సముద్రము పాఠ్యపుస్తకములోని మాట. మా విద్యార్థులలో పెక్కుమంది దానిని కన్నులార చూచినవారు కారు. అయినను ఈ నేలపై కురిసిన వాన, గండిపేట చెరువు నిలిపి ఉంచుకొనగా మిగిలినది, మూసీ వెంట పోయి వాడపల్లి వద్ద కృష్ణలో కలిసి బంగాళాఖాతమునకే చేరుచున్నది. ఆ కృష్ణా ముఖద్వారపు సీమను క్రీ.శ. 2వ శతాబ్దమునాటి భూగోళవేత్త టాలెమీ మైసోలియా యని పిలిచెను. స్వర్ణభూమికి పోవు ఓడలు తీరమును విడిచి నడికడలి పట్టు తావు ఆ దరిదాపుల కలదని కూడ వ్రాసెను. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు స్తంభముల ఓడ బొమ్మ ఊరక వెలసినది కాదు.

ఆ తూర్పు దిక్కున వర్ధిల్లిన తొలి వర్తక రాజ్యములలో ఫూనాన్ ఒకటి. ఖ్మేరు రాజులు అంగ్‌కోరు ఆలయములు నిర్మించుటకు కొన్ని శతాబ్దముల పూర్వమే, నేటి కంబోడియా, వియత్నాముల నడుమ మెకాంగ్ నది డెల్టాలో, సుమారు క్రీ.శ. 1వ శతాబ్దము నుండి 6వ శతాబ్దము వరకు అది నిలిచినది. 1944లో ఫ్రెంచి పండితుడు లూయీ మాలెరే అచ్చట ఓక్ ఏవో అను పట్టణపు శిథిలములను త్రవ్వించెను. రోమను చక్రవర్తి ఆంటోనినస్ పయస్ పేర 152లో ముద్రించిన బంగారు పతకము, చీనా కంచు అద్దము, బ్రాహ్మీ అక్షరముల ముద్రలు, లెక్కకు మిక్కిలిగా పూసలు వెలువడినవి. త్రవ్వకము సాగినది స్వల్పకాలము. యుద్ధము వచ్చి పని నిలిచిపోయినది. బంగారము కొరకు గునపములు పట్టినవారి పని మాత్రము నిలువలేదు.

ఇదంతయు నల్లబల్లపై వ్రాసినంత మాత్రమున మనసున నాటదని తలచి, మేము విద్యార్థులను వెంటబెట్టుకొని శంకరపల్లి మీదుగా సంగారెడ్డి జిల్లా కొండాపురము మ్యూజియమునకు వెళ్ళితిమి. అది శాతవాహనుల కాలపు పట్టణము. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ పక్షాన ఖ్వాజా ముహమ్మద్ అహ్మద్ గారు 1940 దశకపు ఆరంభములో అచ్చట త్రవ్వకములు జరిపిరి. తెల్లని సుద్దమట్టితో చేసిన చిన్న బొమ్మలు, నాణెములు, రోమను బంగారపు జాడ, గాజు పూసలు, అకీకు రాతి పూసలు అద్దాల బీరువాలలో కలవు. అకీకు అనగానే మా ముస్లిం విద్యార్థులు నవ్వుకొనిరి. వారి తాతల ఉంగరములలో పొదిగినది ఆ రాయియే కదా! ఓక్ ఏవోలో బొమ్మలు చెక్కిన ముద్రలకు వాడినదియు ఆ జాతి రాయియే.

ఒక బాలిక, "సార్, ఆ దేశం మనోళ్ళు కట్టిందేనా?" అని అడిగినది. ఈ ప్రశ్న చిన్నది కాదు. మేము చదువుకొన్న నాటి పుస్తకములు కొన్ని "అవును" అనియే చెప్పెడివి. కౌండిన్యుడను వాడు సముద్రము దాటి వచ్చి అచ్చటి రాణిని పెండ్లాడి రాజ్యము స్థాపించెనని ఒక కథ చీనా గ్రంథములలో కలదు. కౌండిన్యస గోత్రమువారు తెలుగునాట కలరు గనుక, ఆ కథ మనకు వినసొంపుగా ఉండును. కాని కథనే మరల చదివి చూడుడు: అతడు వచ్చుసరికే అచ్చట రాణి ఉన్నది, ఆమెకు రాజ్యమున్నది. త్రవ్వకములును ఆ రాణి పక్షమే వహించుచున్నవి. కౌండిన్యుని ఓడకు పూర్వమే ఆ డెల్టాలో ఊళ్ళున్నవి, వ్యవసాయమున్నది. తరువాతి కాలమున ఓక్ ఏవో నుండి అంగ్‌కోర్ బోరెయి వరకు తిన్నని కాలువలు త్రవ్వుకొన్నవారును ఆ నేల బిడ్డలే. విష్ణువును, బుద్ధుని వారు స్వీకరించిరి, కాని తమ చేతితో మలచుకొనిరి. బురదలో చెడక మిగిలిన వారి కొయ్య బుద్ధ విగ్రహముల సన్నని నిలువు సొగసు అమరావతి సున్నపురాతి శిల్పములకు నకలు కాదు.

విగ్రహముల కన్న మమ్ము ఎక్కువగా ఆకర్షించినది వేరొకటి. 2023లో ప్రకటితమైన పరిశోధన యొకటి ఓక్ ఏవోలో దొరికిన నూరుడు రాళ్ళను పరీక్షించినది. వానిలో ఒకటి 76 సెంటీమీటర్ల పొడవు గల రాతిపలక. దాని ఛాయాచిత్రమును చూపగా పిల్లలందరు ఒక్కమారుగ, "సన్నెకల్లు!" అనిరి, కొందరు "సిల్‌బట్టా" అనిరి. ఆ రాళ్ళకు అంటుకొన్న సూక్ష్మ రేణువులలో పసుపు, అల్లము, లవంగము, జాజికాయ, దాల్చినచెక్క గుర్తింపబడినవి. రాజుల పేర్లు పోయినవి గాని మసాలా నూరిన చేతి గురుతు మిగిలినది. పసుపు పడమటి నుండి పోయినది, లవంగము తూర్పు దీవుల నుండి వచ్చినది. ఆ రాతిపై రెండును కలిసినవి. ఎవరు ఎవరికి నేర్పిరి అను తగవు ఆ వంటింట లేదు.

తిరుగు ప్రయాణములో మేము, మీ ఊళ్ళలో పాటిగడ్డలు కలవా యని అడిగితిమి. పాత ఊరు కూలి దిబ్బ అయిన చోటును మన రైతులు పాటిగడ్డ అందురు. పెంకులు, పూసలు వాన తరువాత అచ్చటనే పైకి తేలును. మొయినాబాదు మండలములోని ఎనికేపల్లిలోనే 2024లో తీర్థంకరుల శిల్పములు గల వేయేండ్లనాటి స్తంభములు వెలుగు చూచినవి గదా! నలుగురు చేతులెత్తిరి. వారిలో ఒకడు కొంత తడవు ఊరకుండి, తమ పాటిగడ్డ అమ్ముడుపోయినదనియు, ప్లాట్లకై చదును చేయుచున్నారనియు, మన్ను ట్రాక్టర్లలో తరలుచున్నదనియు చెప్పెను. రేపు ఆదివారము మేమందరము సంచులు, కొలబద్దలు, ఒక కెమెరా తీసికొని అచ్చటికి పోవుచున్నాము. యజమానిని సగము దిబ్బ నైనను కొన్ని దినములు ఆపుమని అడుగుదుము.